సీసా మీది సంవత్సరం

మా పాత రోగులలో ఒకరు, డెబ్బై దాటిన పెద్దమనిషి, ఇటీవల ఒక కాగితం తెచ్చి నా ముందుంచారు. అమెరికాలో స్థిరపడిన కుమారుడు పంపిన ఫ్రెంచి వైన్ల పట్టిక అది. అన్నీ బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్లు. కొన్ని 2021 పంటవి, కొన్ని 2022 పంటవి. "డాక్టరు గారూ, వీటిలో గుండెకు మంచిది ఏదో గుర్తుపెట్టి ఇవ్వండి. మావాడు తెస్తానంటున్నాడు" అన్నారు. ఆయన రక్తపోటుకు మందులు వాడుతున్నారు. జన్మలో మద్యం ముట్టినవారు కారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఆ పట్టిక ఎక్కడి నుండి పుట్టిందో చెప్పవలసి ఉంటుంది.

నైరుతి ఫ్రాన్సులో గారోన్, దొర్దోన్ నదులు కలిసి జిరోంద్ అనే వెడల్పైన పాయగా సముద్రాన్ని చేరుతాయి. ఆ పరిసరాలే బోర్డో ద్రాక్షతోటలు. 1152లో అక్కడి రాచబిడ్డ ఎలియనోర్, కొద్దికాలానికే ఇంగ్లాండుకు రాజు కాబోతున్న హెన్రీని వివాహమాడింది. అప్పటి నుండి 1453 వరకు ఆ దేశం ఆంగ్లరాజుల ఏలుబడిలో ఉన్నందున అక్కడి వైన్‌కు లండను సహజమైన విపణి అయింది. ఆ రోజులలో కొత్త వైన్‌కే ధర ఎక్కువ. పీపాలో నిలువ ఉన్న పాత వైన్ పులిసి పుల్లబడేది. దానిని చవకగా వదిలించుకునేవారు. పంట సంవత్సరాన్ని చూసి కొనడం, ఏళ్ల తరబడి దాచడం అన్న ఆచారం, దృఢమైన గాజుసీసా, బెండు బిరడా వాడుకలోకి వచ్చిన తరువాతనే స్థిరపడింది.

పుల్లబడిన వైన్‌ను తీపి చేయడానికి ఐరోపాలో కొందరు వర్తకులు సీసపు ఆక్సైడును కలిపేవారు. వైద్యుడినైన నాకు ఈ కథలో అన్నిటికన్నా మనసును పట్టేది ఈ ఘట్టమే. 17వ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్స్వా సితోయ్ అనే వైద్యుడు బోర్డోకు ఉత్తరాన ఉన్న ప్వాతూ సీమలో వ్యాపించిన భయంకరమైన కడుపునొప్పిని వర్ణించాడు. మలబద్ధకం, చేతులు పడిపోవడం దాని లక్షణాలు. కారణం ఆయనకు అంతుపట్టలేదు. ఆ శతాబ్దం చివరలో జర్మనీలోని ఉల్మ్ నగర వైద్యుడు ఎబర్‌హార్డ్ గోకెల్, అటువంటి రోగాన్నే చూసి, దోషం వైన్‌లో కలిపిన సీసానిదేనని కనిపెట్టాడు. ఎవరి తోటలోనిదో తెలిసిన వైన్‌నే కొనాలన్న పట్టుదల వెనుక రుచి ఒక్కటే లేదు. ఇటువంటి భయమూ ఉన్నది.

ఆ పట్టుదలకు సాక్ష్యాలు దొరుకుతాయి. 1663లో సామ్యూల్ పీప్స్ అనే లండను ఉద్యోగి ఒక పానశాలలో ఓబ్రియోఁ తోట వైన్ త్రాగి, ఆ పేరును తనకు తోచిన వర్ణక్రమంతో దినచర్యలో వ్రాసుకున్నాడు. 1787లో బోర్డోకు వచ్చిన థామస్ జెఫర్సన్, లాఫీత్, లాతూర్, మార్గో, ఓబ్రియోఁలను అగ్రశ్రేణిగా గుర్తించాడు. నడుమ వర్తకుల కల్తీకి తావులేకుండా తోట యజమానుల వద్దనే నేరుగా కొనడం మేలని భావించాడు. బోర్డో వర్తకులు తమ వైన్‌కు బలం కోసం రోన్ లోయలోని ఎర్మితాజ్ వైన్‌ను కలపడం ఆ కాలంలో రహస్యమేమీ కాదు.

1855లో పారిస్ ప్రపంచ ప్రదర్శనకు బోర్డో వాణిజ్యమండలి ఒక పట్టిక కోరగా, అక్కడి దళారులు ఎర్ర వైన్ తోటలను అయిదు శ్రేణులుగా విభజించి ఇచ్చారు. కొలమానం ఏమిటి? ఎన్నో ఏళ్లుగా విపణిలో పలికిన ధర. పైన చెప్పిన నాలుగు తోటలే మొదటి శ్రేణిలో నిలిచాయి. అప్పటి నుండి ఆ పట్టికలో చెప్పుకోదగిన మార్పు 1973లో మూతోఁ తోట మొదటి శ్రేణికి ఎక్కడం ఒక్కటే. సాంతెమిలియోఁ, పొమెరోల్ సీమల తోటలకు అందులో చోటే లేదు. దాదాపు 170 ఏళ్లనాటి దళారుల ధరల చిట్టా ఇప్పటికీ సీసా మీద బిరుదుగా కనిపిస్తున్నదన్నమాట. కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలా డబ్బు మిగులుతుంది.

1860లలో ఫిలాక్సెరా అనే సూక్ష్మకీటకం ద్రాక్షవేళ్లను తొలిచి ఫ్రాన్సు తోటలను నాశనం చేయసాగింది. 1868లో ప్లాంషోఁ ప్రభృతులు దానిని గుర్తించారు. అమెరికా ద్రాక్ష వేరుమొదళ్లపై ఫ్రెంచి కొమ్మలను అంటుకట్టడమే చివరకు దారి అయింది. ఈలోగా ఎండుద్రాక్ష, చక్కెర, రంగులతో చేసిన దొంగ వైన్ దేశమంతా ప్రవహించింది. తాజాద్రాక్ష పులియగా వచ్చినదే వైన్ అని 1889లో చట్టం చేయవలసి వచ్చింది. 1905లో కల్తీ నిరోధక చట్టం, 1935లో ఏ నేల పేరు ఏ వైన్‌కు చెల్లునో నిర్ణయించే విధానం వచ్చాయి.

వీటన్నిటి ప్రశ్న ఒక్కటే: సీసాలో ఉన్నది నిజంగా అదేనా, దానికి ఆ ధర తగునా? శరీరానికి మంచిదా అన్న ప్రశ్నను ఆ పట్టికలు, చట్టాలు తీర్చలేదు. ఆ కీర్తి వేరే దారిన వచ్చింది. మూడవ నెపోలియను కోరికపై వైన్ జబ్బులను పరిశోధించిన లూయీ పాశ్చర్, 1866లో ప్రకటించిన గ్రంథంలో పానీయాలన్నిటిలో వైన్ ఆరోగ్యకరమైనదని మెచ్చుకున్నాడు. నీటిలో క్రిములు నిండిన కాలంలో ఆ మాటకు అర్థం ఉండినది. ఫ్రాన్సు బడులలో పధ్నాలుగేళ్ల లోపు పిల్లలకు వైన్ ఇవ్వడాన్ని నిషేధించినది 1956లోనంటే ఆ నమ్మకం ఎంత లోతైనదో ఊహించవచ్చు.

1991 నవంబరులో ఒక అమెరికన్ టెలివిజన్ కార్యక్రమం, కొవ్వు తింటూ కూడా ఫ్రెంచివారికి గుండెజబ్బులు తక్కువెందుకని అడిగి, శాస్త్రవేత్త సెర్జ్ రెనో చేత ఎర్ర వైన్‌ను చూపించింది. అమెరికాలో ఎర్ర వైన్ అమ్మకాలు పెరిగాయి. చిత్రమేమంటే, మద్యం ప్రకటనలను అదుపు చేసే ఎవాఁ చట్టాన్ని ఫ్రాన్సు చేసినది కూడా అదే సంవత్సరంలో! మితంగా త్రాగేవారికన్నా త్రాగనివారికి ఆరోగ్యం తక్కువగా కనిపించడానికి, జబ్బుచేసి మానేసినవారు కూడా ఆ త్రాగనివారి లెక్కలో కలవడం ఒక కారణమని తరువాతి పరిశోధకులు చూపారు. ఎంతో కీర్తి పొందిన రెస్వెరాట్రాల్ లీటరు వైన్‌లో కొద్ది మిల్లీగ్రాములకు మించి ఉండదు. మద్యం క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే నిర్ధారించింది. ఎంత తక్కువైనా సురక్షితమని చెప్పగల పరిమాణం లేదని 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

ఇక ఆ పెద్దమనిషి పట్టిక. 2021లో వసంతపు మంచు, వానలు, చల్లని వేసవి. పంట తగ్గింది, వైన్ పలుచనైనది. 2022లో ఎండ, అనావృష్టి. చిక్కని వైన్, విమర్శకుల ప్రశంసలు. కాని ద్రాక్ష ఎంత పండితే చక్కెర అంత, చక్కెర ఎంత ఉంటే ఆల్కహాలు అంత. 12 శాతమున్న 750 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 71 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, 14.5 శాతమైతే 86 గ్రాములు. మెచ్చుకోబడిన సంవత్సరమే కాలేయానికి బరువైన సంవత్సరం. బోర్డోలో ఇంకొక ఆచారం ఉన్నది: వైన్ పీపాలో ఉండగానే, కోత తరువాతి వసంతంలో, రుచి చూసిన విమర్శకుల మార్కులను నమ్మి ముందుగా సొమ్ము కట్టడం. సీసా చేతికి వచ్చేది సుమారు రెండేళ్లకు. అది వ్యాపారమే గాని వైద్యం కాదు.

ఈ లెక్కను ఆ కాగితం వెనుకనే వేసి చూపించాను. ఆయన కొంతసేపు ఆలోచించి, "అయితే గుండె కోసం ఏదీ వద్దంటారు" అన్నారు. అవునన్నాను. కుమారుడు తన ఇష్టానికి, అప్పుడప్పుడు ఒక గ్లాసుకు కొనుక్కుంటే, బిరుదును చూసి కాక సీసా మీది శాతం చూసి కొనమని, తండ్రికి మాత్రం తేవద్దని వ్రాయమన్నాను. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రక్తపోటు చూడమని చేయి చాచారు.