‘ఫారం’ అనే మాట వెనుక కథ

మా మందమర్రి దిక్కున బొగ్గుబావుల పక్కనే పత్తిచేన్లూ వరిమడులూ ఉన్నవి. కోళ్ళ ఫారం, విత్తనాల ఫారం అని అందరమూ అంటాము గదా. ఆ ఇంగ్లీషు మాటకు మొదట్లో మట్టితో సంబంధమే లేదు.

లాటిన్ భాషలో ‘ఫిర్ముస్’ అంటే గట్టిది, స్థిరమైనది. మధ్యయుగంలో దాన్నుంచి ‘ఫిర్మా’ పుట్టింది. అనగా ఇంత అని ముందే ఖాయం చేసుకొన్న పైకము. ఫ్రెంచివారి నోట అది ‘ఫెర్మ్’ అయింది. ఇంగ్లండు చేరిన తరువాత కూడా చాలాకాలం దాని అర్థం శిస్తే. కాబట్టి పాతకాలపు ‘ఫార్మర్’ నాగలి పట్టినవాడు కాడు, వసూళ్ళు గుత్తకు పట్టినవాడు! పిమ్మట గుత్తకిచ్చిన భూమికి, 16వ శతాబ్దం నాటికి సాగుభూమికి ఆ పేరు పడింది.

మనకిది కొత్తా? చింతచెట్ల కాపును గుత్తకు పట్టడం చూస్తూనే ఉన్నాము. నిజాం రాజ్యంలో తాలూకాల శిస్తునే అట్లా గుత్తకిచ్చేవారు. గుత్తేదారు ఒప్పుకొన్న సొమ్ము సర్కారుకు కట్టేవాడు; ఆపైన ఎంత పిండితే అంత తనది. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ పద్ధతిని తీసివేయించి, 1865లో జిల్లాబందీ చేసి, జీతం మీద పనిచేసే అధికారులను పెట్టారు.

ఫ్రాన్సులో కథ ఇంకా కఠినం. ప్రాణవాయువుకు ‘ఆక్సిజన్’ అని పేరు పెట్టిన లవోజియే అక్కడి పన్ను గుత్తేదారులలో ఒకడు. వారిని పిలిచే పేరు ‘ఫెర్మియే’, అదే మాట. 1794 మే 8న తోటి గుత్తేదారులతోపాటు ఆయన తలనూ తీశారు. సొంత పొలంలో సేద్యపు ప్రయోగాలు చేసిన మనిషి, పాపం.

ఇక మన ‘రైతు’ అరబ్బీ ‘రఅయ్యత్’ నుంచి వచ్చింది. కాపరి మేపే మంద అనీ, ఏలుబడిలోని జనం అనీ దానికి అర్థాలు. ఇదీ ఏలేవాడు పెట్టిన పేరే. అచ్చంగా మనదైన మాట ‘కాపు’. ‘కాచు’ నుంచి వచ్చింది. మంచె మీద కూర్చుండి పంటను కాచేవాడు. నాకైతే ఈ మాటే నచ్చుతుంది.

‘కౌలు’ కూడా అరబ్బీయే. ఇచ్చిన మాట అని అర్థం. ఇంగ్లీషువారి గుత్త ఖాయమైన పైకం మీద నిలిస్తే, మన కౌలు నోటిమాట మీద నిలిచింది. నోటిమాటను దఫ్తరు ఎరుగదు. 2018లో రైతుబంధు మొదలైనప్పుడు సాయం పట్టాదారుకు ముట్టింది, కౌలు చేసేవానికి ముట్టలేదు. పంటనష్టం రాసుకొనుటకు పోయే విస్తరణాధికారులు చేను ఎవరి పట్టా అని అడిగి ఊరుకోక, ఈ యేడు దున్నిందెవరో కూడా అడిగి ఆ పేరూ రాసుకోండి.