గణకవిద్యయు కృష్ణాతీర స్త్రీలును

1843వ సంవత్సరమున మచిలీపట్టణమున రాబర్టు నోబుల్ దొర ఇంగ్లీషు పాఠశాల నొకదానిని స్థాపించెను. కాలక్రమమున నోబుల్ కళాశాల యని ప్రసిద్ధి కెక్కిన విద్యాలయము అదియే. ఆంధ్రదేశమున నూతనవిద్యకు అది తొలిద్వారములలో నొకటి యనుట సత్యము. కాని ఆ ద్వారమున నాడు ప్రవేశించినవారు బాలురు మాత్రమే. ఆ సంవత్సరముననే లండను నగరమున ఏడా లవ్‌లేసు అను ప్రభుకాంత యొక శాస్త్రవ్యాసమును ప్రకటించెను. బాబేజి పండితుడు ఊహించిన గణకయంత్రమును గూర్చి ఇటలీదేశపు ఇంజనీరొకడు ఫ్రెంచిభాషలో వ్రాసినదాని నామె ఇంగ్లీషు చేసి, మూలముకంటె మిక్కిలి దీర్ఘములైన టిప్పణములను దానికి చేర్చెను. బెర్నూలీ సంఖ్యలను ఆ యంత్రము ఏ క్రమమున గణింపవలెనో ఒక పట్టికయందు మెట్టుమెట్టుగా చూపెను. యంత్రమింకను పుట్టలేదు; దానికి పాఠము చెప్పు గురువు ముందే పుట్టెను. వ్యాసము క్రింద ఆమె పేరైనను పూర్తిగా లేదు. పొడియక్షరములు మాత్రమే యున్నవి.

గణకవిద్య పురుషుల సొత్తనియు, నేటి సర్కారులును కంపెనీలును దయతలచి స్త్రీలకు అందు కొంత పాలు పెట్టుచున్నవనియు మనవారిలో పలువురు తలచుచున్నారు. చరిత్ర ఇందుకు విరుద్ధముగా నున్నది. 'కంప్యూటరు' అను మాట యంత్రమునకు గాక మనుష్యునికి పేరుగా నుండిన కాలమొకటి కలదు. పందొమ్మిదవ శతాబ్ది చివర అమెరికాలోని హార్వర్డు నక్షత్రశాలయందు లెక్కలు కట్టుటకు స్త్రీలనే నియమించిరి. జీతము తక్కువ, పని నిర్దుష్టము, ఇదియే కారణము. 1946 ఫిబ్రవరిలో ఈనియాక్ అను మహాయంత్రమును లోకమునకు చూపినప్పుడు, దానిచే లెక్కలు చేయించు విధానమును సిద్ధపఱచినవారు ఆర్గురు యువతులు: కాథ్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. యంత్రమును కట్టుట ఘనకార్యమనియు, దానికి పని చెప్పుట గుమాస్తాపని యనియు నాటివారు తలచిరి. కావుననే ఆ పని స్త్రీల పాలబడెను. తరువాత ఆ పనియే క్లిష్టతరమని తెలిసి, జీతమును గౌరవమును హెచ్చినకొలది పురుషులు దానిని తమదిగా చేసికొనిరి. 1984 ప్రాంతమున అమెరికాలో గణకశాస్త్ర పట్టభద్రులలో నూటికి 37గురు స్త్రీలుండగా, 2010 నాటికి ఆ సంఖ్య 18కి దిగెను. విద్యావిషయమున లోకము ఎల్లప్పుడును ముందునకే పోవునను విశ్వాసము గలవారు ఈ రెండంకెలను ఒకమారు చిత్తగింతురు గాక.

ఇదంతయు దూరదేశపు ముచ్చట యని చదువరులు పుట తిప్పరాదు. 1950లో ఆ ఈనియాక్ యంత్రముమీదనే గణకయంత్రముచే వాతావరణమును ముందుగా తెలియు ప్రయత్నము మొదటిసారి జరిగెను. యంత్రభాషలో ఆ లెక్కను వ్రాయుట యెట్లో ఆ శాస్త్రజ్ఞులకు నేర్పి, వ్రాసినదానిని సరిచూచినది క్లారా వాన్ నాయ్‌మన్ అను స్త్రీ. ఆ విద్యయొక్క విలువ దివిసీమవారికి తెలిసినట్లు మఱెవ్వరికిని తెలియదు. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనలో పదివేలకు పైగా జనము నశించిరి. 1990 మేనెలలో అంతటి గాలివానయే కృష్ణాముఖద్వారము చెంత తీరము దాటినప్పుడు, ముందుగా తెలిసికొని లక్షకు పైగా జనమును తరలింపగలిగిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే నిలిచెను. ఉపగ్రహములు, రాడారులు, గణకయంత్రములు, వీనిని నమ్మి కదలిన అధికారులు, అందఱును ఇందుకు కారణములే. ఇట్టి విద్యలో సగము జనమునకు చోటు లేకపోవుట ఏ ఊరికిని లాభము కాదు.

మన తీరమునకు వత్తము. 1901 జనాభాలెక్కలలో అక్షరజ్ఞానము గల స్త్రీలు వేయికి ఆర్గురు. మఱునాటి యేట, అనగా 1902లో, మచిలీపట్టణమున భండారు అచ్చమాంబగారు ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీసమాజమును స్థాపించిరి. అచ్చమాంబగారు ఏ పాఠశాలలోను చదివినవారు కారు. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారికి ఇంట చదువు చెప్పుచుండగా ప్రక్కన కూర్చుండి నేర్చినవారు. అబలాసచ్చరిత్ర రత్నమాల వ్రాసి, 1905లో, ముప్పదియేండ్ల వయస్సుననే గతించిరి. తమ్మునికి పాఠము వచ్చినది గనుక అక్కకును వచ్చెను. పాఠము వీథి చివరనున్నచో ఆమెకు అందకపోయెడిది. మన స్త్రీవిద్యాచరిత్ర నంతయు పరిశీలించినచో ఈ దూరమే ముఖ్యవిషయముగా మాకు గన్పట్టుచున్నది. ఇంటికిని బడికిని నడుమ దూరమెంత తగ్గిన అంతమంది బాలికలు చదివిరి. బుద్ధిశక్తి లోపమను వాదము కేవలము సాకు.

బుద్ధిశక్తిమాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. భాస్కరాచార్యులు లీలావతీగణితమున లెక్కలను ఒక బాలను సంబోధించుచు అడిగెను. తరువాత ఏడెనిమిది వందల యేండ్లు ఆ గ్రంథమును బాలురకే చెప్పిరి! మన యింటి వాకిటి మాట చూడుడు. ధనుర్మాసమున తెల్లవాఱుజామున చుక్కలు లెక్కించి పెట్టి, వరుస తప్పక గీత త్రిప్పి, ఒక్క చుక్కయైన వదలక ముగించు ముగ్గు ఏమి? నియమావళిని అనుసరించు గణనమే గదా! 1974లో మద్రాసున గిఫ్టు సిరోమణి, రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ అను మువ్వురు పండితులు ఈ ముగ్గులనే ఆధారము చేసికొని గణకశాస్త్రమున చిత్రవ్యాకరణములను గూర్చిన వ్యాసము ప్రకటించిరి. మువ్వురిలో ఇద్దఱు స్త్రీలు. గుమ్మము బయటి పిండిముగ్గు శాస్త్రపత్రిక కెక్కినందుకు మేము పొందిన సంతోషమును చదువరులు మన్నింతురు గాక.

ఇక దూరపు చరిత్ర. తెలుగువారి ఆడుబిడ్డలలో మొదట ఇంజనీరు పట్టము పొందినది అయ్యలసోమయాజుల లలితగారు. ఆమెకు పదునైదవ యేట వివాహము, పదునెనిమిదవ యేట వైధవ్యము. ఒడిలో నాలుగు నెలల ఆడుశిశువు. నాటి ఆచారము ననుసరించినచో కథ అక్కడ ముగియవలెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. ఆయన పూనిక వలన ఆమె అందు ప్రవేశించి 1943లో విద్యుచ్ఛాస్త్రమున ఉత్తీర్ణురాలయ్యెను. పట్టపత్రములో పురుషవాచకమే అచ్చువేసి యుండుటచే దానిని కొట్టివేసి స్త్రీవాచకము వ్రాయవలసి వచ్చెనట. ఇచ్చటను తండ్రి ఆ కళాశాలలోనే యుండుట గమనింపుడు. బందరునుండియో గుడివాడనుండియో ఒక సామాన్యగృహస్థుని కుమార్తె నాడు గిండీకి పోగలదా? ఆ ప్రశ్నయే ఎవరును వేసియుండరు.

ఆ ప్రశ్న వేయుటకు ఇంకను నలువదియేండ్లు పట్టెను. 1977లో విజయవాడ చెంత కానూరున సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వెలసెను. నిమ్మకూరున పుట్టి, 1983లో గుడివాడనుండి ఎన్నికలలో గెలిచి ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారు ఆ యేడే తిరుపతిలో పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయమును స్థాపించిరి. 1985 సెప్టెంబరునుండి వర్తించునట్లు చట్టమును సవరించి, అప్పటికి వివాహము కాని కుమార్తెలకు పిత్రార్జితమున కుమారులతో సమానమైన హక్కు కల్పించిరి. ఇంజనీరింగు ప్రవేశనియమములలో మూడవవంతు స్థానములు బాలికలకు కేటాయింపబడినవి. ఆ కేటాయింపు వలన విద్యాప్రమాణము తగ్గునని వాదించినవారు లేకపోలేదు. వారి కుమార్తెలును ఆ స్థానములలోనే చదివిరి.

కాని మా యెఱుకలో నిజమైన మార్పు 1998లో వచ్చినది. ఆ యేట హైదరాబాదున సైబర్ టవర్సు భవనము తెఱవబడెను. గుడివాడకును బందరునకును నడుమనున్న గుడ్లవల్లేరున ఇంజనీరింగు కళాశాల మొదలయ్యెను. మొదటిదానిని గూర్చి పత్రికలు పుటలు నింపినవి. మాకు రెండవదే పెద్దవార్త. ఉదయము అన్నము తిని బస్సెక్కి, పొద్దుగ్రుంకక మునుపే ఇల్లు చేరగల బాలికకు చదువు మానిపించుటకు తల్లిదండ్రులకు సాకు దొరకలేదు. 2008 తరువాత పేదలకు రుసుములను ప్రభుత్వమే చెల్లించు పద్ధతి వ్యాపించెను. ఆ యేటనే బందరున కృష్ణా విశ్వవిద్యాలయమును, నూజివీడున పదవతరగతి మార్కులనుబట్టి పల్లెబిడ్డలను చేర్చుకొను సాంకేతిక విద్యాలయమును ఏర్పడెను. చేలగట్ల పిల్లలు, వలలల్లు ఇండ్ల పిల్లలు గణకవిద్యాపట్టములు తెచ్చిరి. పామఱ్ఱునుండి దివిసీమకు పోవు దారిలోని కూచిపూడిలో ఒకప్పుడు సత్యభామవేషము సైతము పురుషులే కట్టెడివారు; నేడు ఆ నాట్యమును నిలుపుచున్నవారిలో స్త్రీలే అధికులు. తలుపు తీసినచో ఏమి జరుగునో ఈ ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

దివిసీమ చివర మాత్రము దూరము మొండిగ నిలిచెను. నాగాయలంకకు ఆవల ఎదురుమొండి దీవివారు చిరకాలము పంటుమీదనే కృష్ణ దాటిరి. గాలి లేచిననాడు పంటు లేదు. పంటు లేనినాడు కళాశాల లేదు. అట్టి చోటులలో బాలికల వసతిగృహమే కళాశాలకంటె ముందు కావలసినది.

చదువు ఇంటికి దగ్గఱయ్యెను గాని ఉద్యోగము దూరముగనే యున్నది. హైదరాబాదు, బెంగుళూరు, ఆపైన అమెరికా. కొడుకునైనచో బెంగుళూరునకు రైలెక్కించి పండుగకు రమ్మందురు. కూతునైనచో 'అచ్చటి సంబంధము కుదిరినచో పంపుదము' అందురు. పలుచోట్ల పట్టము పెండ్లిచూపులనాటి నగగా మాఱుచున్నది. బందరువారికి ఈ మాట సులభముగ తెలియును: చిలకలపూడి నగ మెడలో మెఱయును, కుదువబెట్ట బోయిన దమ్మిడీ రాదు. పట్టము మేలిబంగారమే, చిలకలపూడి సరుకువలె వాడుచున్నది మనము.

అమెరికాకు పోయిన సంబంధముల సంగతియు కొంత చెప్పవలెను. భర్త ఉద్యోగపు వీసామీద పోగా, భార్య ఆశ్రితురాలి వీసామీద పోవును. ఆ వీసాకు ఉద్యోగము చేయు హక్కు లేకుండెను. తరగతిలో భర్తకంటె ముందున్న బిడ్డలు అచ్చట సంవత్సరములు వంటయింట గడపిరి. 2015లో ఆ దేశపు ప్రభుత్వము, శాశ్వతనివాసమునకు దరఖాస్తు కొంత ముందునకు సాగినవారి భార్యలకు మాత్రము పనిచేయుటకు అనుమతి నిచ్చెను. ఇచ్చటివారు వరుని జీతము అడుగుదురు, ఇల్లున్నదా యని అడుగుదురు. అమ్మాయికి ఏ వీసా వచ్చునని అడిగిన తల్లిదండ్రులను మేము మిక్కిలి తక్కువగా చూచితిమి.

స్వదేశమున ఉద్యోగమునందు చేరినవారికి రెండవ గండము మొదటి కాన్పు. 2017లో చట్టమును సవరించి ప్రసూతిసెలవును 26 వారములకు పెంచిరి. ఏబదిమంది గాని అంతకు మించి గాని పనిచేయు చోట శిశువులను చూచు గది యుండవలెనని విధించిరి. ఇది మేలు. కాని ఖర్చంతయు యజమానిపై మోపుటచే, పెండ్లీడు పిల్లను ఉద్యోగమునకు తీసికొనుటకే కొందఱు యజమానులు వెనుదీయుదురన్న భయమును కొట్టివేయరాదు. తండ్రికిని కొంత సెలవు విధించినచో ఆ వెనుకంజ తగ్గును. 2020లో మహమ్మారి వ్యాపించి కంపెనీలు ఉద్యోగులను ఇండ్లకు పంపినప్పుడు, మన పల్లెలలో మేడమీది గదులే కార్యాలయములయ్యెను. ఆ యేండ్లలో దూరము నిజముగ తొలగెను. అయితే మధ్యాహ్నపు పిలుపు నడుమ కోడలిని కాఫీకి పిలుచుటయు ఆనాడే ఆరంభమయ్యెను. కొడుకు అదే పని చేయుచున్నచో అతని గది తలుపు ఎవరును తట్టలేదు.

లలితగారి కథలో చదువువఱకే పైన చెప్పితిమి. 1948లో ఆమె కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసు అను సంస్థయందు ఉద్యోగమునకు చేరి, భాక్రానంగల్ ఆనకట్ట విద్యుత్తీగల నిర్మాణమునకు సంబంధించిన పని చేసెను. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల తొలి అంతర్జాతీయ సభకు పోయెను. ఆమె కలకత్తానే ఎంచుకొనుటకు కారణము జీతము కాదు. అచ్చట ఆమె సోదరుని కాపురముండెను. ఆమె కార్యాలయమునకు పోయినప్పుడు పసిది శ్యామల ఆ యింట పెరిగెను.