గాజు ఇళ్ళలో వేడి, తేమ: ఇంగ్లండులో ఉష్ణమండల ఆర్కిడ్ల పెంపకం (1800–1865)

విజ్ఞానశాస్త్ర చరిత్రను మనం సాధారణంగా ఆవిష్కరణల వరుసగా చదువుకుంటాం. ఈ పాఠంలో ఒక పొరపాటు చరిత్రను పరిశీలిద్దాం. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఉష్ణమండలం నుంచి ఓడల మీద ఇంగ్లండుకు చేరిన ఆర్కిడ్లలో చాలా భాగం అక్కడి గాజు ఇళ్ళలో చనిపోయాయి. ఉష్ణమండల ఆర్కిడ్లకు ఇంగ్లండు శ్మశానమన్న మాట కూడా పుట్టింది. అది చలిదేశం కాబట్టి మొక్కలు చలికి పోయాయని మీరు అనుకోవచ్చు. కానీ వాటిలో అనేకం చనిపోయింది ఎక్కువ వేడి వల్ల, గాలి ఆడని తేమ వల్ల.

ముందుగా ఈ మొక్కల జీవన విధానం తెలియాలి. ఉష్ణమండల ఆర్కిడ్లలో ఎక్కువ భాగం ఎపిఫైట్లు. అంటే చెట్టు కొమ్మల మీద నిలబడతాయి కానీ చెట్టు రసాన్ని పీల్చవు. మన ఊళ్ళలో చెట్టు మీద మొలిచిన ప్రతి మొక్కనూ బదనిక అనేస్తాం. నిజమైన బదనిక పరాన్నజీవి, ఆర్కిడ్ కాదు. మామిడి తోపుల్లో, తూర్పు కనుమల్లో కనిపించే వాండా టెస్సలాటా ఇలాంటి ఎపిఫైటే. దాని పసుపు రేకుల మీద గోధుమ రంగు గళ్ళుంటాయి. సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను నడిపిన విలియం రాక్స్‌బరో 1795లో వెలువడిన తన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో దీని బొమ్మను ప్రచురించాడు. వాండా అన్న ప్రజాతి పేరు సంస్కృతంలోని ‘వందా’ నుంచి వచ్చింది. ఈ మొక్కల వేర్ల చుట్టూ వెలమిన్ అనే తెల్లని స్పంజి వంటి పొర ఉంటుంది. వాన పడగానే అది నీటిని పీల్చుకుంటుంది, గాలి వీయగానే ఆరిపోతుంది. తడవడం ఎంత అవసరమో ఆరడం అంతే అవసరం. మొదటి తరం ఆంగ్ల తోటమాలులకు ఈ రెండో సగం తెలియదు. కొందరు వాటిని కుండీలో మట్టి నింపి పాతారు, కొందరు పుచ్చిన కలప పొడిలో నాటారు. పరాన్నజీవులనుకున్నవారికి అదే సహజమనిపించింది.

ఇక వాటికి కట్టిన ఇళ్ళు. ఉష్ణమండల మొక్కల గాజు ఇంటిని అప్పట్లో ‘స్టోవ్’ అనేవారు, అంటే పొయ్యి. పేరు సరిగ్గానే పెట్టారు. గోడల వెంట ఇటుక గొట్టాలు కట్టి, వాటిలోంచి బొగ్గు పొయ్యి పొగను పంపి లోపలి గాలిని వేడెక్కించేవారు. వేడి బయటికి పోకుండా ప్రతి సందునూ మూసేవారు. ఇక్కడ ఒక చిన్న భౌతికశాస్త్ర విషయం గుర్తుంచుకోండి. గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. బయట 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా తడిసి ఉన్న శీతాకాలపు గాలిని లోపల 25 డిగ్రీలకు వేడి చేస్తే, దాని సాపేక్ష ఆర్ద్రత సుమారు 30 శాతానికి పడిపోతుంది. నీరు ఎక్కడికీ పోలేదు, గాలి దాహం పెరిగిందంతే. కాబట్టి తోటమాలి మంట పెంచిన కొద్దీ నీళ్ళు చల్లాలి. చల్లిన తేమ నిలవాలంటే కిటికీలు మూయాలి. మూస్తే గాలి ఆడదు, వేర్లు ఆరవు, కుళ్ళు పడుతుంది. ఒక్క పొరపాటు ఇలా మూడు పొరపాట్లను వెంట తెచ్చింది.

ఈ పద్ధతికి శాస్త్రీయ ముద్ర కూడా పడింది. ఆ కాలపు ఆర్కిడ్ పండితులలో అగ్రగణ్యుడైన జాన్ లిండ్లీ లండన్ హార్టికల్చరల్ సొసైటీలో పనిచేసేవాడు. 1830లో అతడు ఎపిఫైట్ ఆర్కిడ్లకు అధిక ఉష్ణోగ్రత, దట్టమైన నీడ, నిండైన తేమ కావాలని సలహా ఇచ్చాడు. లిండ్లీని తక్కువ చేయనవసరం లేదు. ఉష్ణమండల అడవులు వేడిగా, తడిగా, చీకటిగా ఉంటాయన్న వర్ణనలే అతని ముందున్న ఆధారాలు. అయితే ‘ఉష్ణమండలం’ అన్నది పటం మీద ఒక పట్టీ. అందులో సముద్రతీరమూ ఉంది, మంచు పడే కొండా ఉంది. ఒకే పేరు కింద ఉన్న వేర్వేరు వాతావరణాలను ఒకటిగా లెక్కగట్టడమే అసలు తప్పు. చరిత్ర విద్యార్థులు ఇలాంటి సమష్టి పదాల విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

దిద్దుబాటు పుస్తకాల నుంచి రాలేదు, తోటమాలుల నుంచి వచ్చింది. వెంట్‌వర్త్‌లో ఎర్ల్ ఫిట్జ్‌విలియం దగ్గర పనిచేసిన జోసెఫ్ కూపర్ అనే తోటమాలి తక్కువ వేడిలో, గాలి ఆడనిచ్చి, ఆర్కిడ్లను చక్కగా పెంచాడు. ఆ ఫలితాలు తెలిశాక లిండ్లీ తన అభిప్రాయాన్ని సవరించుకున్నాడు. పండితుడు తోటమాలి మాటకు తలవంచడం ఆ వర్గ సమాజంలో చిన్న విషయం కాదు. చాట్స్‌వర్త్‌లో ఆరో డెవన్‌షైర్ డ్యూక్ కొలువులో ఉన్న జోసెఫ్ పాక్స్‌టన్ ఇంకొంత ముందుకెళ్ళాడు. ఉష్ణోగ్రత తగ్గించాడు, గాలి వచ్చే మార్గాలు పెట్టాడు, మొక్కల మీద కాకుండా నేల మీద నీళ్ళు పోయించాడు. నేల నుంచి ఆవిరి లేచి గాలికి తేమ అందుతుంది, వేర్లు మాత్రం నానవు. చాట్స్‌వర్త్ నుంచి 1835లో భారతదేశానికి బయలుదేరిన జాన్ గిబ్సన్ కలకత్తా మీదుగా ఖాసీ కొండలకు వెళ్ళి, 1837లో డజన్లకొద్దీ కొత్త ఆర్కిడ్ రకాలతో తిరిగొచ్చాడు. నథానియల్ వార్డ్ రూపొందించిన మూత బిగించిన గాజు పెట్టెలు ఓడ ప్రయాణంలో ఉప్పుగాలి నుంచి మొక్కలను కాపాడాయి. 1845లో గాజు మీద పన్ను రద్దయ్యాక గాజు ఇళ్ళు చౌకై, ఆర్కిడ్ల మోజు ప్రభువుల తోటలను దాటి మధ్యతరగతికి పాకింది.

అయినా పాత అలవాటు పోలేదు. దీనికి బలమైన సాక్ష్యం జోసెఫ్ డాల్టన్ హుకర్ తన హిమాలయ యాత్రా గ్రంథంలో రాసిన ఒక పేరా. 1850లో అతడు ఖాసీ కొండల్లో నీలి ఆర్కిడ్‌ను, అంటే వాండా సిరూలియాను, చూశాడు. దాన్ని బతికించడం అప్పటికి ఇంగ్లండులో కష్టమైన పని. సుమారు 3000 నుంచి 4000 అడుగుల ఎత్తున, గడ్డి కొండల మీద, ఆకులు పలుచగా ఉన్న చిన్న ఓక్ చెట్లకు అది అంటుకుని ఉంది. ఎండ, వాన, గాలి నేరుగా తగులుతున్నాయి. కొమ్మల మీద నాచు కూడా లేదు, వేర్లు పొడి బెరడు మీద పాకి ఉన్నాయి. వర్షాకాలంలో తేమ విపరీతం, కానీ ఉక్కపోత లేదు. పూత కాలంలో ఉష్ణోగ్రత 60 నుంచి 80 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే దాదాపు 16 నుంచి 27 సెల్సియస్. చలికాలంలో నేల మీద పొగమంచు గడ్డకడుతుంది. చలి, పొడి, ఎడతెగని గాలి: ఇంగ్లండులో ఆర్కిడ్లకు తగలకుండా మనం దాచేవి ఇవే కదా అని హుకర్ ఆశ్చర్యపోయాడు.

హుకర్ చెప్పింది ఈనాటి వృక్షశాస్త్రానికి సరిపోతుంది. వాండా, ఫాలనాప్సిస్ వంటి ఎపిఫైట్ల పత్రరంధ్రాలు ఎక్కువగా రాత్రిపూట తెరుచుకుంటాయి. పగలు నీరు పోగొట్టుకోకుండా చల్లని రాత్రి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. రాత్రంతా పొయ్యి మండించే గాజు ఇంట్లో మొక్క దాచుకున్న పిండిపదార్థం శ్వాసక్రియలోనే ఖర్చయిపోతుంది. నా పదవీ విరమణ సభలో ఇచ్చిన ఫాలనాప్సిస్ కుండీని నేనూ తలుపులు మూసిన గదిలో పెట్టి, రోజూ నీళ్ళు పోసి, మూడు నెలల్లో చంపాను. అప్పటికి హుకర్‌ను చదివి ముప్పై ఏళ్ళయింది.

ఈ పొరపాటు వెల ఎవరు చెల్లించారన్నదే మన అసలు ప్రశ్న. క్యూ ఉద్యానవనం కోసం హుకర్ ఏడుగురు మనుషులు మోసేంత నీలి వాండాను సేకరించాడు. వాటిలో కొన్నే ప్రాణాలతో ఇంగ్లండు చేరాయి. మరొక పెద్దమనిషి పంపిన ఒక్క మనిషి మోత మొక్కలు, దీనస్థితిలో చేరినా, 300 పౌన్లకు అమ్ముడుపోయాయని అతడే రాశాడు. చనిపోయే సరుకుకు అంత ధర ఉన్నప్పుడు, చనిపోయినదాని స్థానంలో మళ్ళీ తెప్పించడమే వ్యాపారం అవుతుంది. గాజు ఇంటిలో జరిగిన ప్రతి తప్పూ అడవిలో మరో కొమ్మను ఖాళీ చేసింది.

1860వ దశకంలో జేమ్స్ బేట్‌మన్ చల్లని ఇళ్ళలో ఆర్కిడ్లను పెంచే పద్ధతిని ప్రచారం చేశాడు. ఆండీస్ కొండల ఒడాంటోగ్లోసమ్‌లు అప్పుడు గాని ఇంగ్లండులో నిలదొక్కుకోలేదు. సరైన జ్ఞానం వచ్చాక అడవికి ఊరట కలిగిందనుకుంటే పొరపాటే. బతికే మొక్కకు గిరాకీ ఇంకా పెరిగింది. కొలంబియాలో పనిచేసిన ఆల్బర్ట్ మిలికన్ 1891లో ప్రచురించిన పుస్తకంలో, రెండు నెలల్లో పదివేల మొక్కల కోసం సుమారు నాలుగువేల చెట్లు నరికించినట్లు మామూలు లెక్కలా చెప్పుకున్నాడు.

నీలి వాండా తర్వాతి కాలంలో మన వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షిత మొక్కల జాబితాలో చేరింది. అంతర్జాతీయంగా అడవి మొక్కల వ్యాపారాన్ని నిషేధించే జాబితాలో చాలాకాలం ఉండి, 2004 సమావేశంలో కొంత సడలింపు పొందింది. నర్సరీల్లో పెంచిన మొక్కలే మార్కెట్‌కు విరివిగా అందడం అందుకు ఒక ముఖ్య కారణం.