మందుల చరిత్రలో గర్భిణి ఎక్కడ?

కోవిడ్ మందుల చరిత్ర అనగానే హైదరాబాదు కంపెనీలే గుర్తొస్తాయి. 2020 జూన్‌లో హెటెరో రెమ్‌డెసివిర్‌ను విడుదల చేసింది. సీసా ధర 5,400 రూపాయలు. 2021 వేసవిలో మా మధిరలోనూ అందరి నోటా ఆ పేరే. ఆసుపత్రిలో చేరినవారి మరణాలను అది పెద్దగా తగ్గించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షలు 2020 అక్టోబరులోనే చెప్పాయి.

ప్రాణాలు నిలిపింది మాత్రం పేటెంటు ఎప్పుడో తీరిపోయిన చవక మందు, డెక్సామెథాసోన్. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ పరీక్ష దాన్ని రుజువు చేసింది. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీదున్నవారిలో అయిదోవంతు తగ్గాయి. ఆక్సిజన్ అక్కరలేనివారికి మేలు కనిపించలేదు.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది మరో సంగతి. రికవరీ గర్భిణులనూ చేర్చుకుంది. వారికి డెక్సామెథాసోన్‌కు బదులు ప్రెడ్నిసొలోన్ లేదా హైడ్రోకార్టిసోన్ నిర్ణయించింది. చాలా పరీక్షలు మాత్రం రక్షణ పేరుతో వాళ్ళను గుమ్మం బయటే ఉంచాయి. థాలిడోమైడ్ ఘోరం తెలిసినవాళ్ళకు ఆ భయం అర్థమవుతుంది. కానీ పరీక్షకు పనికిరాని ఒంటిని జబ్బు విడిచిపెట్టదు కదా! రుజువు లేనప్పుడు డాక్టరు ఊహ మీద మందివ్వాలి, లేదా మానాలి. ఏది జరిగినా అనుభవించేది ఆమే.

టీకాల్లోనూ ఇదే కథ. దేశంలో 2021 జనవరి 16న మొదలైతే, గర్భిణులకు అనుమతి జూలై 2న వచ్చింది. ఈలోగా రెండో అల ముంచెత్తి వెళ్ళింది. ఆ మే నెలలో తెలంగాణలో ఇంటింటి జ్వర సర్వేకు తిరిగినవాళ్ళలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలూ ఉన్నారు. మందు మోయడానికి స్త్రీ శరీరం ఎప్పుడూ అర్హమే!

తర్వాతి మహమ్మారిలోనైనా పరీక్షలో చేరతావా అని గర్భిణిని మొదటే అడగాలి. ఒప్పుకోవడమో, కాదనడమో ఆమె చెప్పాలి.