రొయ్యల గుంటలో మోటారు వేగం

నెల్లూరు తీరంలో రొయ్యల సాగు చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా విత్తనం దగ్గర మొదలుపెట్టి రోగం దగ్గర ఆగుతారు. టైగర్ రొయ్య వచ్చింది, తెల్లమచ్చ వ్యాధి దాన్ని ఊడ్చేసింది, వనామీ వచ్చి రైతును మళ్లీ నిలబెట్టింది అంటారు. నిజమే గాని, అందులో కరెంటు మోటారు పాత్ర ఎక్కడా కనిపించదు. ఈ ముప్పై అయిదేళ్లలో గుంట గట్టు మీద మోటారు చేసే పని పూర్తిగా మారిపోయింది. పని మారినా దాని వేగం మాత్రం మారలేదు. ఇవాళ్టి సాగు ఖర్చులో పెద్ద వృథా అక్కడే ఉందని నా వాదన.

1990ల తొలినాళ్లలో కండలేరు క్రీక్ వెంబడి గుంటలు ఒకదాన్నొకటి ఆనుకుని వెలిశాయి. కేరళ పొక్కాళి పొలాల్లో, బెంగాల్ భేరీల్లో నీటిని మార్చేది ఆటుపోట్లు. ఇక్కడ ఆ పని పంపుసెట్టుది. క్రీకు నుంచి కొత్త నీరు తోడిపోయడం, పాత నీటిని అదే క్రీకులోకి వదలడం అప్పటి పద్ధతి. ఒకరు వదిలిన నీరే పక్కవాడు తోడుకునే నీరైంది. 1994లో తెల్లమచ్చ వైరస్ ఈ తీరాన్ని తాకినప్పుడు రోగం పాకడానికి ఆ నీళ్లే దారి చూపాయి. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరప్రాంత సాగుపై కఠినమైన తీర్పు ఇచ్చింది. రైతుకు దెబ్బతో వచ్చిన పాఠం ఒకటే: బయటి నీటిని వీలైనంత తక్కువగా రానివ్వాలి. అయితే నీరు మార్చకుండా ఉంచితే అందులో ప్రాణవాయువు ఎవరు నింపాలి? నీరు తోడిన మోటారే ఇప్పుడు నీటిని చిలకడానికి దిగింది. ఏరియేటర్ ఈ తీరంలో నిలదొక్కుకోవడానికి అసలు కారణం ఇదే.

వనామీని నిలబెట్టింది రోగంలేని తల్లి రొయ్యల నుంచి తీసిన పిల్ల గాని మోటారు కాదు కదా అని అడగవచ్చు. మంచి పిల్ల రోగభయం తగ్గించింది, కాదనను. కానీ 2009లో వనామీకి అనుమతి వచ్చాక కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చదరపు మీటరుకు 60 పిల్లల దాకా వదలనిచ్చింది. ఆ లెక్కన హెక్టారుకు ఆరు లక్షలు. నూటికి ఎనభై బతికి, ఒక్కోటి 20 గ్రాములు తూగితే తొమ్మిదిన్నర టన్నుల పైమాట. సుమారు 500 కిలోల రొయ్యకు ఒక హెచ్‌పీ అన్నది సాగులో వాడుక లెక్క. అంటే ఆ గుంటకు దాదాపు 20 హెచ్‌పీ కావాలి. ఎంత మేలైన పిల్లయినా ఆ ఏరియేటర్లు లేకుండా అంత సాంద్రతలో బతకదు.

ఏరియేటర్‌ను తిప్పేది 1889లో డొలివో-డొబ్రొవోల్స్కీ రూపొందించిన రకం ఇండక్షన్ మోటారే. 50 సైకిళ్ల కరెంటు మీద నిమిషానికి 1440 చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది, గేర్‌బాక్స్ ఆ వేగాన్ని వంద దగ్గరికి దించుతుంది. స్టార్టర్ నొక్కితే పూర్తి వేగం, ఆపితే సున్నా, మధ్యలో మరోటి లేదు. గుంటకు కావలసింది మాత్రం గంటగంటకూ మారుతుంది. మధ్యాహ్నం నాచు వదిలే ప్రాణవాయువుతో నీరు నిండి ఉంటుంది. అప్పుడు చక్రాలు పూర్తి వేగంతో తిరిగితే ఉన్న వాయువే బయటికి పోతుంది. తెల్లవారుజామున అది లీటరుకు మూడు మిల్లీగ్రాములకు పడితే ప్రమాదం. వేగం మార్చే డ్రైవ్ కరెంటు సైకిళ్లను పెంచి, తగ్గించి ఈ తేడాను అందుకోగలదు. నీటిని చిలికే యంత్రం తీసుకునే కరెంటు దాదాపు వేగం ఘనాన్ని బట్టి ఉంటుంది గనుక, వేగాన్ని ఎనభై శాతానికి దించితే ఖర్చు సగానికి చేరుతుంది.

పగలు కొన్ని ఏరియేటర్లు ఆపేస్తే చాలదా? చాలదు. అవి నీటిని తిప్పి మడ్డిని గుంట మధ్యకు చేరుస్తాయి, ఆపితే ఆ పని ఆగుతుంది. నెమ్మదిగా తిప్పడం వేరు, ఆపడం వేరు. ఇక డ్రైవ్ ఎంత చురుగ్గా వేగం మార్చాలన్నది అసలు చిక్కు. 1970ల మొదట్లో జర్మనీలో ఫెలిక్స్ బ్లాష్కె తీర్చిదిద్దిన వెక్టార్ నియంత్రణ మోటారులోకి వెళ్లే కరెంటును రెండుగా విడదీసి లెక్కిస్తుంది. అయస్కాంత బలానికి కావలసిన పాలు ఒకటి, తిప్పే బలానికి కావలసిన పాలు ఇంకొకటి. దానితో రెప్పపాటులో వేగం మార్చవచ్చు. ఆ చురుకుదనం మిల్లుకు, క్రేనుకు అవసరం. గుంటలో ప్రాణవాయువు గంటల మీద మారుతుంది. వేగం పెరిగే వ్యవధిని అతిగా కుదిస్తే చక్రాలు నీటిని ఒక్కసారి తోసి, కరెంటు హద్దు దాటి డ్రైవ్ ట్రిప్ అవుతుంది. జనరేటర్ మీద ఉన్నప్పుడు ఇంకా కష్టం. ఇరవై ముప్పై సెకన్లలో మెల్లగా ఎక్కనిస్తే, ఒక్కో మోటారును వరుసగా అందుకోనిస్తే, జనరేటర్ తట్టుకుంటుంది. చురుకు కావలసింది ఒక్కచోటే, కరెంటు క్షణంపాటు పోయి వచ్చినప్పుడు. అప్పుడు డ్రైవ్ తిరుగుతున్న రోటారు వేగాన్ని పసిగట్టి అక్కడి నుంచే అందుకోవాలి.

ఉప్పుగాలికి ఎలక్ట్రానిక్స్ నిలవవన్నది బలమైన అభ్యంతరమే. పెట్టె మూసి ఉంచి, గట్టుకు దూరంగా షెడ్డులో పెట్టాలి, అందుకు ఖర్చవుతుంది. అంతకన్నా పెద్ద అడ్డంకి ధర. 2019లో ఆక్వా కరెంటు యూనిట్‌కు రూపాయిన్నర చేశారు. అది రైతుకు ఊరటే, కానీ అంత చౌక కరెంటును పొదుపు చేయడానికి డ్రైవ్ కొనమంటే ఎవరు కొంటారు? రాయితీలో కొంత భాగాన్ని వేగం మార్చే డ్రైవ్‌కు, దాన్ని ఆ గుంటకు తగ్గట్టు అమర్చే మనిషికి మళ్లించాలి. ముత్తుకూరు మత్స్య కళాశాల ఉన్న జిల్లాలో అలాంటి మనుషులను తయారుచేయడం కష్టమేమీ కాదు.