పాలలో అఫ్లాటాక్సిన్: మరిగించినా పోని ఈ విషాన్ని ఎక్కడ ఆపాలి?

పాల కల్తీ అనగానే మనకు గుర్తొచ్చేవి యూరియా, డిటర్జెంట్. వాట్సాప్‌లో తిరిగే వీడియోలన్నీ వాటి గురించే. కానీ భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ) 2018లో దేశవ్యాప్తంగా 1,103 పట్టణాలు, నగరాల నుంచి 6,432 పాల నమూనాలు సేకరించి పరీక్షిస్తే, ఆరోగ్యానికి హాని చేసే కల్తీ దొరికింది 12 నమూనాల్లోనే. వాటిలో 9 తెలంగాణవి కాబట్టి మనం నిశ్చింతగా ఉండాల్సిన పనేమీ లేదు. అయితే అదే సర్వేలో 'అఫ్లాటాక్సిన్ ఎం1' అనే విషపదార్థం పరిమితి దాటిన నమూనాలు 368. అంటే 5.7 శాతం. తమిళనాడు, దిల్లీ, కేరళల్లో ఇవి ఎక్కువగా కనిపించాయి.

దీన్ని పాలలో ఎవరూ కలపలేదు. గేదె తిన్న దాణాలోంచి వచ్చింది.

అఫ్లాటాక్సిన్ అంటే ఏంటి?

'ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్' అనే బూజు తయారుచేసే విషం ఇది. వేరుశనగ, మొక్కజొన్న, పత్తి గింజలు, ఎండుమిర్చి లాంటి వాటి మీద ఈ బూజు పెరుగుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చనిపోయాయి. వాటి దాణాలో వాడిన వేరుశనగ పిండిని పరిశీలించినప్పుడు ఈ విషం బయటపడింది. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమవుతుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించి, మొదటి గ్రూపులో చేర్చింది. హెపటైటిస్-బి ఉన్నవారిలో ఈ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మన దేశంలో దీని తీవ్రత 1974లో తెలిసొచ్చింది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో అకాల వర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవారికి కామెర్లు వచ్చాయి. నమోదైన 397 మంది రోగుల్లో 106 మంది చనిపోయారు. కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చింది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్‌) శాస్త్రవేత్తలే.

అంత మోతాదు పాలలో ఉండదు. పశువు తిన్న విషంలో సాధారణంగా ఒకటి రెండు శాతం మాత్రమే రూపం మారి పాలలోకి వస్తుంది. మన దగ్గర లీటరు పాలకు సుమారు 0.5 మైక్రోగ్రాముల వరకు అనుమతి ఉంది. యూరప్‌లో ఇందులో పదో వంతే. ఒక్క గ్లాసుతో ఏమీ కాదు, కానీ పాలు రోజూ తాగేవి. అందులోనూ పిల్లలు ఎక్కువగా తాగుతారు. మరిగించినా, పెరుగు తోడేసినా ఈ విషం పోదు.

చేలో ఏం జరుగుతుంది?

అసలు కథ ఇక్కడే ఉంది. అనంతపురం లాంటి జిల్లాల్లో వేరుశనగ ఎక్కువగా వర్షాధార పంట. కోతకు ముందు నాలుగైదు వారాలు వాన లేకపోతే నేల వేడెక్కుతుంది, కాయలో తేమ తగ్గుతుంది, గింజ తనను తాను కాపాడుకునే శక్తి కోల్పోతుంది. బూజుకు కావాల్సింది అదే. చెద పురుగు కొరికిన కాయ, పార తగిలి పగిలిన కాయ అయితే ఇంకా సులువు. అంటే కళ్లంలోకి రాకముందే విషం మొదలైపోవచ్చు.

పీకిన తర్వాత రెండో దశ. కాయలో తేమ 8 శాతానికి తగ్గేదాకా ఎండబెట్టాలి. మొక్కలను తిరగేసి, కాయలు పైకి ఉండేలా వరుసలు వేస్తే త్వరగా ఆరతాయి. పచ్చిగా ఉండగానే కుప్ప వేస్తే లోపల వేడి పుట్టి బూజు పెరుగుతుంది. ఆ తర్వాత మిల్లుల్లో మరో అలవాటు ఉంది. వలిచేటప్పుడు గింజ విరగకుండా కాయల మీద నీళ్లు చల్లుతారు. వారాల తరబడి ఎండబెట్టిన కష్టమంతా ఆ నీళ్లతో పోతుంది.

ఇవేవీ కొత్త విషయాలు కావు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా దీని మీదే పనిచేస్తున్నారు. ఖరీదైన యంత్రాలు లేకుండా నమూనాలు పరీక్షించే ఎలైజా కిట్ తయారుచేశారు. 2016లో పావుగంటలోపే ఫలితం చెప్పే చిన్న పరికరాన్ని తెచ్చారు. ధర రెండు డాలర్లలోపే. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ డొల్ల గట్టిపడుతుందని, బూజు చొరబాటు తగ్గుతుందని రైతులకు చెబుతూనే ఉన్నారు.

మరి సమస్య ఎందుకు తీరలేదు? ఒక ముఖ్య కారణం, రైతుకు దీని వల్ల అదనంగా రూపాయి రాకపోవడం. మామూలు మార్కెట్ యార్డులో ధర కట్టేది గింజ దిగుబడి, తేమ, రంగు చూసి. విషం కంటికి కనిపించదు, ధరలో కనిపించదు. ఎగుమతిదారులు మాత్రం పరీక్ష చేయిస్తారు, ఎందుకంటే తినడానికి సిద్ధమైన పల్లీల్లో యూరప్ అనుమతించేది కిలోకు 4 మైక్రోగ్రాములే (మన దగ్గర 10). వాళ్లు ఏరి పక్కన పెట్టిన ముడతపడ్డ, రంగు మారిన గింజలు ఎక్కడికి పోతాయి? నూనె మిల్లుకు. నూనెలోకి దిగే విషం తక్కువ, రిఫైనింగ్‌లో అదీ చాలావరకు పోతుంది. మిగిలినదంతా చెక్కలో ఉండిపోతుంది. ఆ చెక్కే పశువుల దాణా. ఏరివేత వల్ల ఎగుమతి సరుకు బాగుపడుతుంది, మన పాలకు మాత్రం మేలు జరగదు.

చట్టం ఎక్కడ మొదలవుతుంది?

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని సెక్షన్ 18 ప్రకారం రైతులకు, సాగు పనులకు, పంటలకు, పశువులకు, సాగులో వాడే సరుకులకు ఈ చట్టం వర్తించదు. చిన్న రైతు మీద ఇన్‌స్పెక్టర్లను వదలకపోవడం సబబే. కానీ ఫలితం ఏంటంటే, విషం పుట్టే చోట చట్టం లేదు, చట్టం ఉన్న చోటికి వచ్చేసరికి దాన్ని తీసే మార్గం లేదు. దాణాపై నియంత్రణ లేకపోవడమే సమస్య అని 2018 సర్వే నివేదికలోనే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. ఆ తర్వాత వాణిజ్య దాణా బీఐఎస్ ప్రమాణాలకు లోబడి ఉండాలని ఆదేశించినా, అమలు గడువును పొడిగిస్తూ వచ్చింది.

కాబట్టి పొలం దగ్గర ఈ విషాన్ని ఆపే ప్రజాసేవ ఏదైనా ఉందంటే అది వ్యవసాయ విస్తరణే. కృషి విజ్ఞాన కేంద్రాలు, కదిరి లాంటి వ్యవసాయ పరిశోధన స్థానాలు, మండలాల్లోని విస్తరణ అధికారులు. నగరవాసికి వీళ్లు కనిపించరు. ఆహార భద్రత అంటే హోటళ్ల మీద దాడులే అనుకుంటాం.

వినియోగదారు ఏం చేయొచ్చు?

ఇంట్లో వాడే కల్తీ పరీక్ష కిట్లు యూరియా, పిండి లాంటివే పట్టుకుంటాయి. అఫ్లాటాక్సిన్‌కు ల్యాబ్ కావాలి, లేదా దాని కోసమే చేసిన స్ట్రిప్ కావాలి. పల్లీలు కొనేటప్పుడు ముడతపడినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయండి. కడిగితేనో వేయిస్తేనో సరిపోతుందనుకోవద్దు. వేయిస్తే కొంత తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. ఏరినవి పక్కింటి గేదెకు మాత్రం పెట్టకండి. మీకు పాలు పోసేవారు ఇంట్లో గేదెలు పెంచేవాళ్లైతే, చెక్క తడవకుండా నిల్వ చేస్తున్నారా, దాణా సంచి మీద ఐఎస్ఐ గుర్తు ఉందా అని అడగండి. బూజు దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లోనే పాలలో విషం బాగా తగ్గిపోతుంది.

మరో హక్కు చాలామందికి తెలియదు. సెక్షన్ 40 కింద కొనుగోలుదారు ఎవరైనా రుసుము చెల్లించి, తాను కొన్న ఆహారాన్ని ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నానని కొనేటప్పుడే అమ్మకందారుకు చెప్పాలి. సరుకు నిబంధనలకు విరుద్ధమని తేలితే కట్టిన రుసుము తిరిగి ఇస్తారు. తెలంగాణలో రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్ నాచారంలో ఉంది. ఫిర్యాదు మాత్రమే చేయాలనుకుంటే 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో గానీ, 1800112100 నంబరుకు గానీ చేయొచ్చు. ప్యాకెట్ పారేయకండి. బ్యాచ్ నంబరు, 14 అంకెల లైసెన్స్ నంబరు దాని మీదే ఉంటాయి.