అమెరికా పల్లె గుడ్డబొమ్మలు, సూదిపని

ఇంట్లో మిగిలిన గుడ్డపీలికలతో చేసే బొమ్మలకూ, వాటితో పాటు పెరిగిన సూదిపనికీ ఉత్తర అమెరికాలో వలసల కాలం నుంచి చరిత్ర ఉంది. ఈ రోజు అక్కడి చేతిపనుల దుకాణాల్లో ‘ప్రిమిటివ్’ అనే పేరుతో అమ్మే బొమ్మలు ఈ వరుసలో కొత్తగా వచ్చినవి. వెలిసిన గళ్ల గౌను, కాఫీ మరకల ముఖం, కళ్ల చోట రెండు నల్లదారపు ముడులు. ముత్తవ్వల కాలం నాటి పల్లె బొమ్మ అనిపించాలనే వాటిని అలా చేస్తారు. ఆ పల్లె రూపాన్ని తీర్చిదిద్దింది మాత్రం చాలావరకు పట్టణాలూ, వ్యాపారాలూ. అదీ జనం పల్లెలు వదిలి పోవడం మొదలయ్యాక.

గుడ్డబొమ్మ అమెరికాలో పుట్టింది కాదు. రోమన్ల కాలపు ఈజిప్టులో నార గుడ్డతో కుట్టి, లోపల పేలికలూ పపైరస్ ముక్కలూ కూరిన బొమ్మ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎడారి ఇసుక పొడిగా ఉండబట్టి అది మిగిలింది. తడి నేలల్లో గుడ్డ చివికిపోతుంది. పైగా ఆడుకునే పిల్లల చేతిలో గుడ్డబొమ్మకు ఆయుష్షు తక్కువ. అందుకే అమెరికాలో తొలి తరాల బొమ్మలు ఇప్పుడు చూద్దామన్నా దొరకడం కష్టం.

ఇంటి అవసరంలోంచి

యూరోపియన్లు రాకముందే ఇరక్వాయ్ తెగల వాళ్లు మొక్కజొన్న పొత్తుల మీది ఆకులను తడిపి, మడిచి, కట్టి బొమ్మలు చేసేవాళ్లు. వాటికి ముఖం గీయరు. అందం చూసుకుని మురిసిపోయి పని మరిచిన బొమ్మకు ముఖం పోయిందని ఆ తెగల్లో ఒక కథ చెప్పుకుంటారు. వలస వచ్చిన కుటుంబాలు ఈ పనిని వాళ్ల దగ్గరే నేర్చుకున్నాయి. ఆమిష్ క్రైస్తవుల గుడ్డబొమ్మలకూ ముఖం ఉండదు. విగ్రహాలు చేయరాదన్న బైబిల్ ఆజ్ఞే దీనికి కారణమని చెబుతారు. అయితే ఆమిష్ ఇళ్లలో పిల్లలు ఆడుకున్న పాత బొమ్మల్లో ముఖాలున్నవీ ఉన్నాయి. ముఖం లేని బొమ్మకు అంత పేరు రావడంలో పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీకి వచ్చే పర్యాటకుల పాత్ర తక్కువేమీ కాదు.

పల్లె బొమ్మ ఎలా ఉండేదో తెలుసుకోవడానికి లారా ఇంగల్స్ వైల్డర్ 1932లో ప్రచురించిన ‘లిటిల్ హౌస్ ఇన్ ది బిగ్ వుడ్స్’ మంచి ఆధారం. విస్కాన్సిన్ అడవిలో గడిచిన తన చిన్నతనాన్ని ఆమె అందులో కథగా చెప్పింది. మొదట కథలోని లారాకున్న బొమ్మ గింజలు ఒలిచిన మొక్కజొన్న కండె, దానికి చుట్టిన చేతిరుమాలు. క్రిస్మస్‌కు అసలైన గుడ్డబొమ్మ వచ్చింది. తెల్లగుడ్డ ముఖానికి నల్ల గుండీలే కళ్లు. కనుబొమలు పెన్సిలుతో దిద్దినవి, బుగ్గలకూ పెదవులకూ అడవి పళ్ల రసం. జుట్టు కోసం నల్ల ఊలును ముందు అల్లి, తరవాత విప్పారు. అలా విప్పిన ఊలుకు మెలికలు నిలిచి ఉంగరాల జుట్టు వస్తుంది. డబ్బు పెట్టి కొన్నది దాదాపు ఏమీ లేని ఈ బొమ్మలో తెలివి మాత్రం చాలా ఉంది.

ఆడపిల్లల చేతికి బొమ్మతో పాటు సూదీ వచ్చేది. అక్షరాలు, అంకెలు, పూలు, ఇళ్లు కుట్టిన ‘సాంప్లర్’ గుడ్డలు వాళ్ల పలకలు. అలంకారం కంటే అవసరమే వీటిలో ముందు. దుప్పట్ల మీదా, తువ్వాళ్ల మీదా ఇంటివాళ్ల పొడి అక్షరాలు కుట్టడం గృహిణికి తప్పని పని కాబట్టి అక్షరాలు సూదితోనే నేర్పేవాళ్లు. అమెరికాలో తయారైన సాంప్లర్లలో మనకు తెలిసినంతలో అతి పాతది 17వ శతాబ్ది మధ్యకాలంలో లోరా స్టాండిష్ అనే అమ్మాయి కుట్టినది. అది ప్లిమత్‌లోని పిల్‌గ్రిమ్ హాల్ మ్యూజియంలో ఉంది.

ఈ చరిత్రలో ఎక్కువగా మరుగున పడింది నల్లజాతి స్త్రీల పని. బానిసత్వం నుంచి తప్పించుకుని, 1861లో ఆత్మకథ వెలువరించిన హారియట్ జేకబ్స్ తాను పనిచేసిన ఇంటి పిల్లలకు బొమ్మలు కుట్టింది. ఆమె చేసినవిగా చెప్పే బొమ్మలను 2022లో న్యూయార్క్ హిస్టారికల్ సొసైటీ ప్రదర్శించింది. దక్షిణాది రాష్ట్రాల ‘టాప్సీ టర్వీ’ బొమ్మ మరీ విచిత్రమైనది. ఒక వైపు తెల్లపిల్ల, గౌను తిరగేస్తే నల్లపిల్ల. దీన్ని మొదట ఎవరి కోసం, ఏ ఉద్దేశంతో కుట్టారన్న దాని మీద పరిశోధకులకు ఒక మాట లేదు.

జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన హారియట్ పవర్స్ బైబిల్ కథలను గుడ్డముక్కలతో బొంత మీద అతికి కుట్టింది. 1886లో ఏథెన్స్ ఊరి సంతలో దాన్ని చూసిన జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు కొంటానంటే ఇవ్వనంది. కొన్నేళ్లకు ఇల్లు గడవక తానే పది డాలర్లకు ఇస్తానని కబురు చేసింది. చేతికి వచ్చింది ఐదు డాలర్లు. ఒక్కో గడిలో ఏముందో ఆమె విడమర్చి చెబితే జెన్నీ స్మిత్ రాసి పెట్టుకుంది. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ సంస్థ మ్యూజియంలో ఉంది. పల్లె కుట్టుపనికి విలువ కట్టేవాళ్లు ఎవరు, ఎంత కట్టారు అన్న ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

పేటెంటు పొందిన ‘ఇంటి బొమ్మ’

ఇంటి బొమ్మ బజారుకు రావడానికి ఎంతో కాలం పట్టలేదు. రోడ్ ఐలండ్‌లోని సెంట్రల్ ఫాల్స్‌కు చెందిన ఇజానా వాకర్ 1873 నవంబరులో తన బొమ్మ తయారీ పద్ధతికి పేటెంటు తీసుకుంది. జిగురులో నానిన నూలు గుడ్డను పొరలు పొరలుగా అచ్చులో వేసి నొక్కడం, పైన దూది పరిచి స్టాకినెట్ (మన బనీను గుడ్డలాంటిది) తొడిగి మళ్లీ నొక్కడం, రెండు సగాలను కలిపి కుట్టి, పైన ఆయిల్ పెయింటు వేయడం ఆ పద్ధతి. చెవుల పక్కన ఉంగరాల జుట్టును కుంచెతోనే దిద్దేది. చవక, కడుక్కోవచ్చు, పిల్లలు మీద పడ్డా దెబ్బ తగలదు అని పేటెంటు పత్రంలో రాసుకుంది. పింగాణీ తలల బొమ్మలు కిందపడితే పగిలిపోయే రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

ఆ పక్క ఊరు పాటకెట్‌లో మార్తా చేజ్ 1880ల చివర ఇదే దారి పట్టింది. చిన్నప్పుడు ఆమె ఆడుకున్నది వాకర్ బొమ్మతోనే. చేజ్ బొమ్మ ఆసుపత్రి దాకా వెళ్లింది. హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి కోరిక మీద నర్సులకు శిక్షణ ఇవ్వడానికి 1911లో ఆమె నిలువెత్తు గుడ్డ మనిషిని తయారుచేసింది. పెన్సిల్వేనియాలోని బెత్లెహేమ్‌లో మొరేవియన్ చర్చి మహిళలు 1872లో ‘పాలీ హెకెవెల్డర్’ బొమ్మను కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. వచ్చిన డబ్బు చర్చి పనులకు. 1890ల్లో మసాచుసెట్స్‌లోని ఆర్నాల్డ్ ప్రింట్ వర్క్స్ బొమ్మ ముందు భాగాన్నీ వెనక భాగాన్నీ గుడ్డ మీద అచ్చేసి గజాల లెక్కన అమ్మింది. కత్తిరించి, కుట్టి, దూది కూరుకోవడమే మిగిలిన పని.

గోనె గుడ్డలోకి పీలికలను కొక్కెంతో లాగి చేసే రగ్గుల కథా ఇంతే. మెయిన్ రాష్ట్రంలో ఊరూరా తిరిగి సరుకులమ్మే ఎడ్వర్డ్ శాండ్స్ ఫ్రాస్ట్ 1860ల చివర పాత రేకులు కత్తిరించి అచ్చులు చేసి, గోనెల మీద పూలూ జంతువులూ ముద్రించి అమ్మాడు. పల్లె స్త్రీల సొంత ఊహ అని ఈనాడు మెచ్చుకునే రగ్గుల్లో ఆయన అచ్చులవీ ఉన్నాయి.

అందరికీ తెలిసిన గుడ్డబొమ్మ ర్యాగెడీ ఆన్. ఎర్ర ఊలు జుట్టు, మూడు మూలల ముక్కు. కార్టూనిస్టు జానీ గ్రూయెల్‌కు 1915 సెప్టెంబరులో ఈ రూపానికి పేటెంటు వచ్చింది. ఆ ఏడే ఆయన కూతురు మార్సెల్లా 13 ఏళ్ల వయసులో చనిపోయింది. కథల పుస్తకం 1918లో, దానితో పాటే బొమ్మా అమ్మకానికి వచ్చాయి. మార్సెల్లాకు అటక మీద పాత బొమ్మ దొరికితే తండ్రి దానికి ముఖం గీశాడన్నది అందరూ చెప్పుకునే కథ. అది జరిగిందో లేదో గానీ, పాత ఇల్లు, అటక, అమ్మమ్మ బొమ్మ అన్న అమ్మకపు సూత్రం అక్కడ పూర్తిగా తయారైంది.

పల్లె మీద మోజు

ఇంటి పనిముట్లనూ బొమ్మలనూ కళగా చూడటం 20వ శతాబ్దిలో బలపడింది. 1932లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం (మోమా) సామాన్యుల కళ మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పని లేని చిత్రకారులకు జీతమిచ్చి, పాత బొమ్మలు, బొంతలు, కుండలు, గాలి దిశ చూపే కోడిబొమ్మలను నీటిరంగుల్లో ఉన్నదున్నట్టు గీయించింది. 1935 నుంచి 1942 దాకా సాగిన ఈ ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’లో 18,000కు పైగా చిత్రాలున్నాయి. తరవాతి తరాల బొమ్మల తయారీదారులకు ఇదొక గని.

1976లో స్వాతంత్ర్య ద్విశతాబ్ది ఉత్సవాలు జరిగాయి, 1978లో ‘కంట్రీ లివింగ్’ పత్రిక మొదలైంది. నగర శివారు ఇళ్లలోకి గళ్ల గుడ్డలు, గొర్రెబొమ్మలు, కాకులు, నక్షత్రాలు వచ్చి చేరాయి. కెంటకీకి చెందిన మార్తా నెల్సన్ థామస్ కుట్టిన మెత్తటి పిల్లల బొమ్మల పోలికలోనే జార్జియాలో జేవియర్ రాబర్ట్స్ బొమ్మలు చేసి అమ్మాడు. 1983లో క్యాబేజ్ ప్యాచ్ కిడ్స్ పేరుతో అవి ఫ్యాక్టరీ సరుకై, దుకాణాల్లో జనం తోపులాడుకునే దాకా వెళ్లాయి. థామస్ వేసిన దావా కోర్టు బయటే రాజీతో ముగిసింది.

ప్రిమిటివ్ శైలి ఈ మోజులోంచే వచ్చింది. కోరా గుడ్డతో బొమ్మ కుట్టి, ఇన్‌స్టంట్ కాఫీ చిక్కగా కలిపిన నీళ్లలో ముంచుతారు లేదా కుంచెతో పూస్తారు. దాల్చిన చెక్క పొడి, వెనిల్లా వాసన కోసం. తరవాత ఓవెన్‌లో సన్నని వేడి మీద ఆరబెడతారు. కుట్ల దగ్గర రంగు ముదురుగా దిగుతుంది, మరకలు అక్కడక్కడా పడతాయి. సమంగా పడితే పని చెడినట్టు లెక్క. పంచ్ నీడిల్‌తో (దారాన్ని గుడ్డలోకి గుచ్చే బోలు సూది) కుట్టిన చిన్న చిత్రాలు, ఊలు గుడ్డ బిళ్లలు ఒకదాని మీద ఒకటి కుట్టిన ‘పెన్నీ రగ్గులు’, కావాలని తప్పులు ఉంచిన సాంప్లర్లు వీటికి తోడు.

ఈ పాతదనం నమ్మేలా ఉండటమే చిక్కు. కాఫీలో ముంచిన కొత్త బొమ్మ చేతులు మారి పురాతన వస్తువుగా అమ్ముడుపోతుంటుంది. నిపుణులు ముందు కుట్టు చూస్తారు. మిషన్ కుట్టు ఉంటే 19వ శతాబ్ది మధ్యకు ముందరిది అనడానికి లేదు. తరవాత లోపల కూరినదేమిటో చూస్తారు. పాలిస్టర్ దూది కనబడితే ఇక మాట్లాడాల్సింది లేదు. చివరికి చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెడతారు. తెల్లదనం కోసం గుడ్డలోనూ సబ్బులోనూ కలిపే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తరవాతే విరివిగా వాడుకలోకి వచ్చాయి. అవి ఆ వెలుగులో నీలంగా మెరుస్తాయి. పాత బొమ్మనైనా ఈ మధ్య ఉతికి ఉంటే మెరవవచ్చు కాబట్టి, ఒక్క ఆ మెరుపుతోనే నిపుణులు తీర్పు చెప్పరు.